విరేచనాల పొడి గారికి, సిక్కోలు నుంచి

అయ్యా పొడి గారూ,

తమరి పూర్తి పేరు పాలీ ఇథిలీన్ గ్లైకాల్. మందుల షాపులో ముద్దుగా ‘పెగ్’ అంటారు. ఆ మాట వినగానే మొహం వెలిగిన మగాళ్ళు మొదటి గ్లాసుకే వాడిపోతారు. సముద్రం పక్కన బతికేవాళ్ళకి మళ్ళీ ఉప్పునీళ్ళు పట్టించే సరదా తమకెందుకో!

మూడు నెలలుగా కడుపునొప్పి, దొడ్డికెళ్తే రక్తం, లుంగీ వదులైపోయేంత బరువు తగ్గడం. అన్నిటికీ ‘గ్యాసే’ అని సోడా తాగినవాళ్ళు చివరికి కొలనోస్కోపీకి, అంటే తమరితో పెద్దపేగు కడిగించి కెమెరా గొట్టంతో లోపల చూసే పరీక్షకి, ఒప్పుకుంటారు. ముందు 3 రోజులు పీచూ గింజలూ వద్దంటే, “చోడంబలి చలవే కదేటి?” అంటారు. గోంగూర, ఆవపెట్టిన పనసపొట్టు, జామకాయ... ఇవన్నీ లోపల అతుక్కుని గొట్టానికి అడ్డం పడతాయి. తెల్లన్నం, ఇడ్లీ, పలచటి మజ్జిగ చాలు. ముందురోజు చారు తేట, వడగట్టిన నిమ్మరసం, పాలు లేని టీ. ఎర్ర షర్బత్ తాగితే అది లోపల రక్తంలా కనిపిస్తుంది. ఐరన్ మాత్రలు వారం ముందే ఆపాలి. రక్తం పలచన చేసే మాత్రలూ ఇన్సులినూ మాత్రం డాక్టర్ని అడక్కుండా ముట్టుకోకూడదు. తిట్లన్నీ తమరికే, తిండి వాళ్ళది.

తమరిలో ఒక గొప్పతనం ఉంది. ఒంటికి పట్టరు. నీళ్ళని చంకనెట్టుకుని పేగులోంచి తిన్నగా బయటికి నడుస్తారు. తమ దాయాది సోడియం ఫాస్ఫేట్ తాగడానికి సులువే గానీ కిడ్నీలు పాడుచేయగలడని 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ రకం మాత్రల మీద గట్టి హెచ్చరిక పెట్టించింది. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మా ఉద్దానంలో, కవిటి, సోంపేట, కంచిలి వైపు, ఆయన గుమ్మం ఎక్కకూడదు. ఉద్దానం కొబ్బరి బొండాం కూడా, కిడ్నీ జబ్బున్నవాళ్ళు పొటాషియం సంగతి అడిగాకే తాగాలి.

ఇక కలపడం. 137 గ్రాముల సంచీ మొత్తం ఒకేసారి 2 లీటర్ల కాచి చల్లార్చిన నీళ్ళలో పోయాలి. సగం పొడి రేపటికని చెంచాతో పంచితే లవణాల తూకం చెడుతుంది. పంచదార కలిపితే పేగులో పులిసి గ్యాస్ పుడుతుంది. పాలిప్ (పేగు లోపలి గోడమీద పెరిగే కండ) కోయడానికి కరెంటు వాడేచోట ఆ గ్యాస్ అంటుకునే ప్రమాదం. ఫ్రిజ్‌లో చల్లబెట్టి, గ్లాసు 250 మి.లీ. చొప్పున పావుగంటకొకటి, గటగటా తాగేసి నిమ్మచెక్క చీకితే సరి. చప్పరించారో, అయిపోయారు. వాంతి వచ్చేలా ఉంటే అరగంట ఆగాలి. పొట్ట రాయిలా ఉబ్బి, గాలి కూడా పోక, వాంతులైతే మాత్రం ఇంకో గుక్క వద్దు, వెంటనే డాక్టర్‌కి చెప్పాలి.

అసలు మోసం రెండో లీటరు దగ్గర. సాయంత్రం ఒక లీటరుకే పదిసార్లు పరిగెత్తి, “అంతా అయిపోనాదిలే” అని పొద్దున్నది తులసికోట దగ్గర పారబోస్తారు. రాత్రంతా చిన్నపేగు నుంచి పైత్యం, జిగురు దిగి పెద్దపేగు మొదట్లో, కుడివైపు, పేరుకుంటాయి. బల్లపరుపు పాలిప్‌లు దాక్కునేదీ అక్కడే. 11 గంటల పరీక్షకి రెండో లీటరు పొద్దున్న 6కి మొదలెట్టి 7కల్లా ముగించాలి, ఆపైన చుక్క నీళ్ళు కూడా వద్దు. పడుతున్నది లేత పసుపు మూత్రంలా, తేటగా ఉంటేనే పని అయినట్టు. గోధుమరంగులో తునకలుంటే కాలేదు.

విశాఖలో పరీక్షైతే ముందు రాత్రే అక్కడికి చేరాలి. రెండో లీటరు తాగి సిక్కోలు కాంప్లెక్స్‌లో బస్సెక్కిన ధీరులకి, దారిలో తమరు చూపించే నరకం మేం రాయలేం.

ఇట్లు,
ఎండోస్కోపీ గది సిబ్బంది

తా.క.: మొదటి గ్లాసుకి ముందే కింద కొబ్బరినూనె రాసుకోమని తమరైనా చెప్పండి. ఆరోసారి వెళ్ళొచ్చాక మేం చెబితే మమ్మల్ని తిడుతున్నారు.