ఏ చేప, ఎలా వండింది అన్నదీ ముఖ్యమే
వారానికి రెండుసార్లు చేప తింటే గుండెకు మంచిదని మీ వ్యాసంలో రాశారు. నిజమే, కానీ ఏ చేప, ఎలా వండింది అన్నది కూడా రాయాల్సింది. గుండెకు మేలు చేసే ఒమేగా-3 కొవ్వులు కవళ్లు, కానాగంతలు లాంటి సముద్రపు చేపల్లో బాగా ఉంటాయి. మనం ఎక్కువగా కొనే చెరువు చేపలు, అంటే శీలావతి, బొచ్చెల్లో ప్రోటీన్ మంచిదే గానీ ఆ కొవ్వులు తక్కువ. మా విశాఖ వైపు కవళ్లు చవక, అయినా చుట్టాలొస్తే వంజరమే తెస్తారు, ఎందుకో మరి! నాన్నగారికి స్టెంట్ వేశాక అమ్మ వేపుళ్లు పూర్తిగా మానేసి, తక్కువ నూనెతో చింతపండు పులుసే పెడుతోంది. నూనెలో మునిగేలా వేయించిన ముక్క తిని గుండెకు మంచిదనుకోవడం సరికాదు. బీపీ ఉన్నవాళ్లు ఎండు చేపల జోలికి వెళ్లకపోవడమే మేలు, వాటిలో ఉప్పు చాలా ఎక్కువ.