పులిని తెల్లగా వేయమని ఎవరూ అడగరు

ఉగాది సంబరాల్లో ఇక్కడి మన తెలుగు సంఘం వాళ్ళు నాకో టేబుల్ ఇస్తారు, సరిగ్గా పులిహోర లైను పక్కన. ఒకవైపు నేను వేసిన పక్షుల, జంతువుల బొమ్మలూ, ఇంకోవైపు మనుషుల బొమ్మలూ పెట్టుకుని కూర్చుంటాను. ఏటా అదే ప్రశ్న. "రెండూ ఎందుకండీ, ఏదో ఒకటి పట్టుకుంటే పేరొస్తుంది కదా?" కొందరు ఇంకాస్త ముందుకెళ్ళి, ఫోన్లో ఇంత మంచి కెమెరాలొచ్చాక చేత్తో వేయడం ఎందుకంటారు. వెనకవాళ్ళు ప్లేట్లతో తోసుకొస్తుంటే అక్కడ నిలబడి చెప్పే జవాబు కాదది, అందుకే ఇక్కడ రాస్తున్నా.

ముందు మనుషుల గొడవ చెప్తాను. రెండేళ్ళ కిందట ఒకమ్మాయి వాళ్ళ అమ్మమ్మ ఫోటో తెచ్చింది, బొమ్మ వేసిమ్మని. చామనఛాయ కన్నా ఓ మెట్టు ముదురు రంగు, బరువు కమ్మలకి సాగిపోయిన చెవి తమ్మెలు, ముంజేతి మీద అలుక్కుపోయిన పచ్చబొట్టు. నాకైతే పండగే. మన రంగు ఒంటి మీద నీడలు నల్లగా ఉండవు, దవడ కింద నీలంగా, కణత దగ్గర కాస్త ఆకుపచ్చగా ఉంటాయి, బర్న్ట్ సియెనా అనే ఎర్రటి మట్టిరంగులో అల్ట్రామెరీన్ నీలం ఎంత కలపాలన్నదానికే నాకు రెండు సాయంత్రాలు పట్టింది. అమ్మాయి వచ్చి చూసి, "అక్కా, చాలా బాగుంది గానీ, అమ్మమ్మని ఇంకొంచెం తెల్లగా వేయొచ్చు కదా? ఆ చెవులు కూడా..." అంది.

వేశాను. అడ్వాన్సు తీసుకున్నదాన్ని, మొహమాటం. గృహప్రవేశం రోజు ఆ బొమ్మని ఇండియాలో ఉన్న వాళ్ళమ్మకి వీడియో కాల్లో చూపించారట. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసి, "ఎవరే ఈవిడ?" అన్నారట. బొమ్మ నా దగ్గరికే తిరిగొచ్చింది. పైసా తీసుకోకుండా మళ్ళీ మొదటి రంగుకి తెచ్చేసరికి నెల పట్టింది.

ఇన్నేళ్ళలో ఏనుగు ముడతలు తీసేయమని గానీ, గద్ద ముక్కు కాస్త చిన్నది చేయమని గానీ నన్ను అడిగినవాళ్ళు లేరు. పులిని తెల్లగా వేయమని అసలే అడగరు. (తెల్లపులులు ఉన్నాయిగా అని మా ఆయన జోకు.) జంతువు ఎలా ఉంటే అలా ముద్దు, మన ఇంటి మనిషికి మాత్రం మెరుగులు కావాలి. తమాషా ఏంటంటే, అలా అడిగిన వాళ్ళ హాల్లోనే చిత్రకారుడు తోట వైకుంఠం గారి బొమ్మ ప్రింటు ఉంటుంది. కరీంనగర్ వైపు పల్లెలో పుట్టిన మనిషి, చిన్నప్పటి నుంచీ చూసిన ఆడవాళ్ళనే వేశారు, నల్లటి ఒళ్ళు, రూపాయంత బొట్టు, కళ్ళు చెదిరే చీరలు. సోఫా పైన గోడకి ఆ నలుపు అందం, అమ్మమ్మ దగ్గరికొచ్చేసరికి ఏమవుతుందో నాకు అర్థం కాదు. ఇక ఫోన్ కెమెరా సంగతంటారా, అది ఇప్పుడు అడక్కుండానే మొహాలు నున్నగా చేసేస్తోంది.

నాకు జంతువుల పిచ్చి పట్టించింది మా అపార్ట్‌మెంట్ల వెనక చెరువు దగ్గరికొచ్చే గ్రేట్ బ్లూ హెరాన్, మన నారాయణపక్షికి అక్క వరస. కొంగ జపం అని వెక్కిరిస్తాం గానీ ఆ నిలబడటం ఏంటో గీయబోతే తెలుస్తుంది. మెడ ఒక వంపుగా ఉంటుందనుకుని మూడు కాగితాలు పాడుచేశాక కనిపించింది, మధ్యలో విరిచినట్టు ఒక మడత ఉందని. అన్నేళ్ళుగా రోజూ చూస్తున్న పక్షే! చేతిలో పెన్సిల్ లేకపోతే నాకు చూడటం రాదని ఆ రోజు అర్థమైంది. ఆ చలికాలమే మా నాన్న వచ్చారు. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, ఎటూ వెళ్ళలేక, మంచు వంక చూస్తుండేవారు, మెడ అచ్చం అలాగే ముందుకు చాచి. చెప్పకుండా గీశాను. మర్నాడు గీస్తున్నానని పసిగట్టి చొక్కా పైగుండీ పెట్టుకుని పాస్‌పోర్టు ఫోటో మొహం పెట్టేశారు, అంతే, ఇక బొమ్మ లేదు.

జంతువుకీ మనిషికీ కావలసింది ఒకే చూపు అని నేనేదో కొత్తగా కనిపెట్టలేదు. జహంగీర్ కొలువులో మన్సూర్ అనే చిత్రకారుడు ఉండేవాడు. 1621లో పాదుషాకి ఎవరో జీబ్రాని కానుకగా తెచ్చారు, చారలు రంగు పూసినవేమోనని అనుమానమొచ్చి దగ్గరగా చూసి మరీ తేల్చుకున్నారట, దాన్ని మన్సూర్ వేశాడు, లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. అంతకు మూడేళ్ళ ముందు అదే కొలువులో ఇనాయత్ ఖాన్ అనే ఉద్యోగి నల్లమందుకీ తాగుడుకీ బలై ఎముకల గూడైపోతే, ఇంత విచిత్రం చూడలేదని పాదుషా అతని బొమ్మ వేయమన్నాడు. మర్నాడే ఆ మనిషి పోయాడు. (పాదుషాకీ అవే అలవాట్లు, అది వేరే సంగతి.) ఆ రేఖాచిత్రం బోస్టన్‌లో ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో ఉంది, అటు వెళ్ళేవాళ్ళు ప్రదర్శనలో ఉందేమో కనుక్కోండి. గుచ్చినట్టుండే పక్కటెముకలు, గుంటలు పడ్డ చెంపలు. జీబ్రా చారలు చూసిన చూపే ఇదీ. కాస్త క్రూరంగానే ఉంటుంది, ఒప్పుకుంటాను. చావుబతుకుల్లో ఉన్న మనిషిని ముందు కూర్చోబెట్టుకుని గీయమంటే నా చేయి ఆడదు. అయినా ఆ మనిషి ఇన్నాళ్ళకీ మన కళ్ళముందు ఉన్నాడంటే అందులో మెరుగులు దిద్దకపోవడం వల్లే కదా.

ఇప్పుడు నా ఈజిల్ మీద ఆరు నెలలుగా ఒక కలివికోడి ఉంది. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, ఇక లేదనుకున్న పక్షి, 1986లో కడప జిల్లా లంకమల వైపు ముళ్ళపొదల్లో మళ్ళీ దొరికింది. పగలు పొదల్లో దాక్కుంటుంది, రాత్రి తిరుగుతుంది. రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు, పొడుగు కాళ్ళు, అవన్నీ అయిపోయాయి. కళ్ళ దగ్గర ఆగిపోయాను. నాకు దొరికిన ఫోటోలన్నీ రాత్రి తీసినవి, ప్రతి ఫోటోలో కంట్లో టార్చి వెలుగో ఫ్లాషో ఉంటుంది, అది తీసేస్తే ఆ చోట ఏముండాలో నాకు తెలీదు. ఊహించి వేసేస్తే అమ్మమ్మని తెల్లగా వేసినట్టే. ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు ఆ లంకమల దగ్గరి సిద్ధవటం దాకా వెళ్ళొద్దామంటే, "కనిపించని పక్షి కోసమా?" అంటున్నారు మా ఆయన. ఈ ఉగాదికి దాన్ని కళ్ళు వేయకుండానే టేబుల్ మీద పెడతాను. అమ్మడానికి కాదు, బేరాలాడకండి.