కొలువు పోయిన సహోద్యోగికి సంతాపం తెలుపు విధానం

పత్రికల్లో ఉద్యోగుల తొలగింపు వానకాలం, చలికాలంలాగా వచ్చిపోయే రుతువైపోయినా, ఆ రుతువులో మిగిలిన పాత్రికేయులు ఎలా నడుచుకోవాలో చెప్పే ప్రామాణిక గ్రంథం తెలుగులో ఇంతవరకూ వెలువడలేదు. నాయకుడు పార్టీ మారితే ఏ క్రియాపదం వాడాలో చెప్పే శైలి పుస్తకాలు మనకున్నాయి. మధ్యాహ్నం పక్క కుర్చీలో ఉన్న మనిషి సాయంత్రానికి లేకపోతే ఏ ముఖం పెట్టాలో మాత్రం వాటిలో లేదు. ఆ లోటు తీర్చడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా పరిభాష సంగతి. ఐటీ కంపెనీ వెయ్యిమందిని పంపేస్తే మనకది 'వేటు', 'రోడ్డున పడ్డ బతుకులు'. అదే మన కార్యాలయంలో జరిగితే 'వ్యక్తిగత కారణాలతో రాజీనామా'. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం తొలగింపునకు ముందు ఎడిటరుకు ఆరు నెలలు, మిగతా పాత్రికేయులకు మూడు నెలలు నోటీసు ఇవ్వాలంది. అన్నాళ్లపాటు ఉద్యోగిని క్షోభ పెట్టడానికి మనసొప్పని యాజమాన్యాలు రాజీనామా లేఖను తామే టైపు చేయించి, సంతకం చేయవలసిన చోట పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టి మరీ అందిస్తాయి. ఆ గుర్తు కనిపించనివారికి బదిలీ ఉత్తర్వు ఉంటుంది: ఆదిలాబాద్‌లో పిల్లల్ని బడిలో వేసినవాడికి తిరుపతి, తిరుపతిలో ఇల్లు కట్టుకున్నవాడికి ఆదిలాబాద్.

అయినా పాత్రికేయుల నిరాడంబరత ముందు యాజమాన్యాల దయ ఏపాటిది? పత్రికా సిబ్బంది జీతాలు పెంచాలంటూ మజీఠియా వేతన సంఘం చేసిన, 2011లో కేంద్రం ఆమోదించిన సిఫార్సులను 2014లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ పెంపు మాకు వద్దు, పాత జీతమే చాలునని ఉద్యోగులు సంతకాలు చేసిన పత్రాలు 2017లో మళ్లీ అదే న్యాయస్థానం ముందు చర్చకు వచ్చాయి. జీతం పెంచవద్దని మూకుమ్మడిగా రాసిచ్చిన కార్మికులు మరే దేశ చరిత్రలోనైనా ఉన్నారేమో పరిశోధకులు వెదకాలి.

కారణాలకూ కొరత లేదు. 2019 బడ్జెట్‌లో న్యూస్‌ప్రింట్‌పై 10 శాతం దిగుమతి సుంకం పడింది. కాగితం ధర పెరిగితే ఆ కాగితంపై రాసేవాడిని తగ్గించాలన్న ఆర్థిక సూత్రం అక్కరకు వచ్చింది. 2020లో సుంకం 5 శాతానికి దిగింది గానీ ఆ వెనుకే కరోనా వచ్చి జిల్లా వార్తల కోసం విడిగా వేసే చిన్న సైజు టాబ్లాయిడ్లు ప్రధాన సంచికలో కలిసిపోయాయి. కరోనా వెళ్లిపోయింది. దానితోపాటు వెళ్లినవాళ్లు మాత్రం తిరిగి రాలేదు.

ఇక అసలు విషయమైన సంతాపం. జాబితా సిద్ధమవుతోందని తెలిసిన రోజున డెస్కులో అడగవలసిన మొదటి ప్రశ్న 'ఎవరు?' అని కాదు, 'ఎంతమంది?' అని. ఆ సంఖ్యను మనకంటే జూనియర్ల సంఖ్యతో పోల్చుకుని, తేడా మనకు అనుకూలంగా ఉన్నట్లయితే దుఃఖాన్ని ప్రారంభించవచ్చు. దుఃఖానికి మూడు వాట్సాప్ గ్రూపులు కావాలి. మొదటిది కార్యాలయానిది కనుక అందులో ఏమీ రాయరాదు. రెండోది పై అధికారులు లేనిది. అందులో చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టవచ్చు. రెండోదాంట్లో ఎవరో చేరవేస్తున్నారన్న అనుమానంతో పుట్టిన మూడోదాంట్లో ఎవరు చేరవేస్తున్నారన్నదే చర్చ కాబట్టి, పోయినవాడి ప్రస్తావనకు అక్కడ తీరిక ఉండదు.

ముఖాముఖి ఎదురైతే "అన్నా, నీలాంటోడినే తీసేశారంటే..." అని వాక్యాన్ని సగంలో ఆపాలి. రెండో సగం "నన్నెందుకు ఉంచారో" అన్నది కనుక దాన్ని పూర్తి చేయడం ఎవరికీ క్షేమం కాదు. ఆ వెంటనే "నీకేం, కలం ఉన్నవాడివి, యూట్యూబ్ చానల్ పెట్టుకో" అని సలహా ఇవ్వాలి; ఇరవై ఏళ్లు ఇతరుల వార్తలకు శీర్షికలు పెట్టిన మనిషికి కలం ఎందుకు గుర్తొస్తుందో, యూట్యూబుకు కలంతో పనేమిటో అడగకూడదు. ఆయన కుర్చీకి చక్రాలు నాలుగూ తిరుగుతుంటే, మర్నాటికల్లా దాన్ని మార్చుకోవడం ఆచారం. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడినప్పుడు మిగతా బల్లులు చేయవలసింది చప్పుడు కాకుండా గోడ ఎక్కడమే. పక్క పత్రికలవాళ్లూ ఈ వార్త వేయరు. రేపు తమ వార్త మనం వేయకుండా ఉండాలి కదా.

మండల విలేకరులకు ఈ నియమావళి వర్తించదు. వాళ్లను ఎవరూ ఉద్యోగంలో చేర్చుకోలేదు. చేరనివాడిని తీసేయడం తర్కానికి నిలవదు. వాళ్లు కేవలం ప్రకటనల టార్గెట్ పూర్తి చేయలేకపోతారు, ఆ నెల నుంచి వాళ్ల వార్తలు కనిపించవు, అంతే.

ఇంత చెప్పాక ఒక చిన్న ప్రతిపాదన. తొలగింపు వార్త పత్రికలో ఎలాగూ రాదు గనుక, కనీసం వర్ధంతుల పేజీలో ఫొటోతో సహా ఒక చిన్న ప్రకటనగానైనా వేసుకునే వీలుండాలి. ఆ సొమ్మును ఆయన ప్రాంతపు విలేకరి టార్గెట్‌లో జమ చేస్తే ఒక కొలువుతో ఇంకొక కొలువు నిలబడుతుంది. ఇదే మాట ప్రకటనల విభాగంలో కదిపితే వెంటనే ఒప్పుకున్నారు. సిబ్బందికి రాయితీ కూడా ఉందట. అయితే ప్రకటన అచ్చయ్యే నాటికి ఆయన సిబ్బంది కారు కాబట్టి పూర్తి ధర కట్టాలన్నారు.