సవరణ: ఆ పిల్లలు లేచి నిలబడ్డారు

జాతీయగీతం కేసు మీద నా పోస్టులో “పాడనన్న పిల్లలు” అన్న మాట చూసి, వాళ్లు గీతాన్ని అవమానించారని కొందరు అనుకుంటున్నారు. అలా జరగలేదు. 1985లో కేరళలో బడి నుంచి పంపేసిన ఆ ముగ్గురూ యెహోవాసాక్షులు అనే క్రైస్తవ శాఖవాళ్ల పిల్లలు. రోజూ అసెంబ్లీలో మర్యాదగా లేచి నిలబడేవారు, గొంతు మాత్రం కలిపేవారు కాదు. తమ దేవుడు యెహోవాకు చేసే ప్రార్థనలో తప్ప మరే ఆచారంలోనూ పాలుపంచుకోకూడదని వాళ్ల నమ్మకం. మిగతా సంఘాల క్రైస్తవులు గీతం నిక్షేపంగా పాడతారు, దయచేసి దీన్ని అందరికీ అంటగట్టకండి.

హైకోర్టులో ఓడినా, 1986లో సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. పాడి తీరాలని ఏ చట్టమూ చెప్పదని, నిలబడితే గౌరవించినట్టేనని తీర్పు రాసింది మన తెలుగువాడే, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. నమ్మకం మనకు వింతగా తోచినా సరే, నిజాయితీగా నమ్మినదైతే రాజ్యాంగంలో మతస్వేచ్ఛనిచ్చే ఆర్టికల్ 25 దాన్ని కాపాడుతుందన్నారు.