సూర్యుడికి అద్దం పట్టేవారి పక్షాన ఒక విన్నపం

ఇంటి మీద సోలార్ ప్యానెల్ పెట్టించుకున్న గృహస్థుడికి, మొదటి నెలల మురిపెం తీరాక, ఒక మహత్తరమైన ఆలోచన కలుగుతుంది. ప్యానెల్ మీద పడే ఎండ ఆ ప్యానెల్ మేరకే లెక్కకు వస్తుండగా, దాని పక్కనే అంతకు పదింతల ఎండ గచ్చు మీద పడి ఊరికే పోతోంది కదా, దాన్ని ఒక నిలువుటద్దంతో ఇటు మళ్లిస్తే కరెంటు రెట్టింపు కాదా అన్నది ఆ ఆలోచన. ఇటువంటి ప్రజ్ఞావంతులను ఇంజనీర్లు, ప్యానెళ్లు బిగించే మెకానిక్కులు, మాన్యువళ్లు రాసే గుమాస్తాలు ఏకమై నిరుత్సాహపరుస్తున్నారు కనుక, వారి పక్షాన నిలబడి నాలుగు మాటలు చెప్పడం నా విధి అనుకుంటున్నాను.

అద్దం పనిచేస్తుంది. ఇది ప్రత్యర్థులు సైతం కాదనలేని సత్యం. ప్యానెల్లో ఎండను కరెంటుగా మార్చే చిన్న బిళ్ల (సెల్లు) మీద పడే వెలుగు పెరిగితే అది ఇచ్చే కరెంటు కూడా ఇంచుమించు అదే నిష్పత్తిలో పెరుగుతుంది. అద్దం సరిగ్గా కుదిరితే మొదటి మధ్యాహ్నమే, ప్యానెల్ కరెంటును ఇంటికి పనికొచ్చే కరెంటుగా మార్చే ఇన్వర్టర్ తెర మీద అంకె ఎగబాకుతుంది. ఇంటాయన దాన్ని ఫోటో తీసి బంధుమిత్రులందరికీ పంపుతాడు. ఆ ఫోటోలో ప్యానెల్ ఉష్ణోగ్రత కనిపించదు, వారంటీ కాగితం కనిపించదు, పదో సంవత్సరం అసలే కనిపించదు. ఇంతకంటే ప్రత్యక్ష ప్రమాణం ఏం కావాలి?

విమర్శకుల మొదటి ఫిర్యాదు వేడి గురించి. సిలికాన్ ప్యానెల్ తన మీద పడిన వెలుగులో ఐదో వంతునో, అంతకు కాస్త ఎక్కువనో విద్యుత్తుగా మార్చి, తక్కినదాన్ని చాలావరకు వేడిగా ఒంట పట్టించుకుంటుందట. వెనుక అతికించిన స్టిక్కరు మీది వాట్లు చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుగులో, సెల్లు 25 డిగ్రీల దగ్గర ఉండగా కొలిచినవట. ఆపైన పెరిగే ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి 0.3 నుంచి 0.4 శాతం చొప్పున తగ్గుతుందట. ఆ లెక్కన ఎండలో 65 డిగ్రీలకు చేరిన ప్యానెల్, అద్దం ముఖం చూడకముందే, 12 నుంచి 16 శాతం పోగొట్టుకుని కూర్చుంటుంది. దానికి కావలసింది వెనుక నుంచి కాస్త గాలి తప్ప రెండో సూర్యుడు కాదని వీరి వాదం. చెమటలు కక్కుతున్నవాడికి మరికొంత పని చెప్పకూడదనే నియమాన్ని ఏ యజమాని పాటించాడని ప్యానెల్ విషయంలో మనం పాటించాలి?

రెండో ఫిర్యాదు మరీ సూక్ష్మమైనది. ప్యానెల్లోని సెల్లులు వరుసలుగా సిరీస్‌లో కలిపి ఉంటాయి కనుక, వరుసంతటిలోనూ ఒకే కరెంటు పారాలి. అందరికంటే తక్కువ వెలుగు దక్కిన సెల్లు ఎంత పారనిస్తే మిగిలినవాటికీ అంతే ప్రాప్తం. అద్దం వెలుగు ఏటవాలు పలకలా వచ్చి సగం ప్యానెల్ మీదే పడినప్పుడు, అదే వరుసలో ఏ మూల సెల్లో మామూలు ఎండలో మిగిలిపోతే, తళతళలాడుతున్న సెల్లుల అదనపు సంపాదన తీగ దాకా రాదు, వేడిగా అక్కడే ఖర్చవుతుంది. ఇది పూర్తిగా సిలికాన్ జాతిలోని సోమరితనమని నా అభిప్రాయం.

ఇక సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతూ పోవడాన్ని సహకార లోపంగానే పరిగణించాలి. పాత బీరువా తలుపు నుంచి ఊడదీసిన అద్దాన్ని ప్యానెల్‌కు తూర్పున ఇటుకల మీద నిలబెట్టి, కొబ్బరితాడుతో పిట్టగోడకు కట్టారనుకోండి. ఉదయం ఆ అద్దం ప్యానెల్ మీద వెలుగుకు బదులు తన నీడనే పరుస్తుంది. మధ్యాహ్నం దాటాక కాసేపు దారికి వస్తుంది. ఆ తర్వాత వెలుగు మరక మెల్లగా జారి నీళ్ల ట్యాంకును, ఆపైన పొరుగింటి కిటికీని పలకరిస్తుంది. అందుచేత ఇంట్లో ఒకరు పూటంతా మేడ మీద ఉండి అద్దాన్ని తిప్పుతూ ఉండాలి. ప్రతిఫలం తక్కువేమీ కాదు: 400 వాట్ల ప్యానెల్, అన్నీ కలిసివచ్చి, మూడు గంటలపాటు 20 శాతం ఎక్కువ ఇచ్చిందనుకుంటే 240 వాట్-అవర్లు, అంటే పావు యూనిట్‌కు అతి సమీపం. ఇన్వర్టర్ అప్పటికే తన గరిష్ఠ పరిమితిని చేరి ఉంటే ఆ పావు కూడా రాదు గాని, తిప్పినవారికి వ్యాయామం ఎటూ దక్కుతుంది.

పొరుగువారు కళ్లు చెదురుతున్నాయని గొడవ చేస్తే దాన్ని అసూయగా భావించవచ్చు. 2013లో లండన్ నగరంలో 20 ఫెన్‌చర్చ్ స్ట్రీట్ అనే ఆకాశహర్మ్యం, పుటాకారంగా వంగిన తన గాజు ముఖంతో ఎండను వీధిలోకి గుమ్మరించగా, కింద నిలిపి ఉంచిన ఒక జాగ్వార్ కారు భాగాలు కరిగి వంకరపోయాయి. వాటిలో పక్క అద్దం తొడుగు కూడా ఉంది. ఆ భవన యజమానులు ధైర్యం చాలక మరుసటి ఏడాది గోడకు ఎండ తెరలు బిగించుకున్నారు. మనవాళ్ల అద్దం చదునైనది కనుక అంతటి కీర్తి రాకపోవచ్చు.

చివరగా విమర్శకులు చూపే ఉదాహరణ కారిజో మైదానం. 1980ల తొలి భాగంలో ఆర్కో సోలార్ అనే సంస్థ కాలిఫోర్నియాలోని ఆ మైదానంలో 5.2 మెగావాట్ల కేంద్రాన్ని నెలకొల్పింది. అప్పటికి ప్రపంచంలో అంత పెద్దది మరొకటి లేదు. సూర్యుడి వెంట తిరిగే యంత్రాల మీద ప్యానెళ్లను అమర్చి, వాటి పక్కన అద్దాలు నిలిపారు. ఉత్పత్తి పెరిగింది. ఆ తర్వాత అదనపు వెలుగుకూ వేడికీ సెల్లులను గాజుకు అతికించి ఉంచే ఈవీఏ పొర పసుపెక్కి, గోధుమరంగుకు తిరిగి, వచ్చే వెలుగునే అడ్డుకోసాగింది. కేంద్రాన్ని చివరకు విప్పేశారు. ప్యానెళ్లు సెకండ్‌హ్యాండ్ సరుకుగా అమ్ముడుపోయాయి. ఇంజనీర్లు సమకూర్చిన యంత్రాలతో కాని పని బీరువా అద్దంతోనూ కొబ్బరితాడుతోనూ ఎందుకు కాదో విమర్శకులు వివరించలేదు.

అద్దానికీ చట్రానికీ పెట్టే డబ్బు దాచుకుని ఇంకో ప్యానెల్ కొనుక్కోమని సలహా ఇచ్చేవారు కూడా ఉన్నారు. డబ్బిచ్చి ప్యానెల్ కొనడం ఎవరైనా చేస్తారు. అందులో పరిశోధన ఏముంది? అద్దాలు, కటకాలు ఉపయోగించి ప్యానెల్ మీదికి ఎండను కేంద్రీకరించరాదని తయారీదారులు మాన్యువళ్లలో రాసేది కూడా ఇటువంటి అసహనంతోనే. ప్యానెల్ రంగు మారిన నాడు వారంటీ కింద కొత్తది అడగడానికి ఇదేమీ అడ్డు కాదు. తనిఖీకి వచ్చినవారు అద్దం సంగతి ఆరా తీస్తే, తల దువ్వుకోవడానికి పెట్టుకున్నామని చెప్పవచ్చు. మేడ మీద, మనిషెత్తున, ప్యానెల్ వైపుకు వాల్చి.