సవరణ: ఆ 21 మందిలో అందరూ ఈజిప్టువాళ్లు కాదు

లిబియా సముద్రతీరంలో ఐసిస్ చంపిన 21 మంది క్రైస్తవ కూలీల గురించి మొన్న రాస్తూ, అందరూ ఈజిప్టు కాప్టిక్ క్రైస్తవులే (ఈజిప్టులోని ప్రాచీన క్రైస్తవ సమాజంవాళ్లే) అన్నాను. తప్పు. 2015 ఫిబ్రవరిలో బయటికొచ్చిన ఆ వీడియోలో ఈజిప్టువాళ్లు 20 మందే. ఇంకొకరు ఘనా నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన మాథ్యూ అయారిగా. పరాయి దేశంలో, వాళ్ల పక్కనే మోకాళ్ల మీద కూర్చుని ప్రాణం ఇచ్చిన మనిషిని లెక్కలోంచి తీసేశాను. క్షమించండి.

మృతదేహాలు వెంటనే ఊరు చేరాయన్నదీ సరికాదు. అవి దొరికింది 2017లో, లిబియాలోని సిర్తె నగరం దగ్గర. ఈజిప్టులో మిన్యా ప్రాంతంలోని అల్-ఔర్ గ్రామానికి వచ్చింది 2018 మేలో. మూడేళ్లకు పైగా ఆ తల్లులకు, భార్యలకు వెళ్లి ఏడవడానికి ఒక సమాధి కూడా లేదు. మాథ్యూ దేహమైతే 2020లో గానీ ఆ 20 మంది దగ్గరికి చేరలేదు.

మిగతాది రాసినట్టే ఉంచుతున్నాను. తోడబుట్టినవాళ్లు ఇద్దర్ని పోగొట్టుకున్న ఒకాయన టీవీ కార్యక్రమంలో మాట్లాడుతూ, చివరి క్షణంలో వాళ్లు చెప్పిన విశ్వాసపు మాటను వీడియోలోంచి కత్తిరించనందుకు హంతకులకే థాంక్స్ చెప్పాడు. చంపినవాడు ఎదురైతే ఏం చేస్తావని అడిగితే వాళ్లమ్మ, ఇంట్లోకి పిలుస్తాను, అతని కళ్లు తెరవమని దేవుణ్ణి అడుగుతాను అందట.