పసుపుకు ఆధారం అడగొద్దా?

సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 27న అడ్డుపడకపోతే, ఆ ఏటి జ్వరాల సీజన్‌లో ఆయుర్వేద మందుల ప్రకటనలకు పట్టపగ్గాలు ఉండేవి కావు. ఔషధ నిబంధనల్లోని 170వ నిబంధనను ఎత్తివేస్తూ కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ జులై 1న ఇచ్చిన నోటిఫికేషన్‌పై జస్టిస్ హిమా కోహ్లీ, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం స్టే విధించింది. ఇండియన్ మెడికల్ అసోసియేషన్ (ఐఎంఏ) పతంజలి ప్రకటనలపై వేసిన కేసులో మే 7న తాము ఇచ్చిన ఆదేశానికి ఇది పూర్తి విరుద్ధమని మందలించింది. ఆ స్టే 2025 ఆగస్టులో తొలగిపోయింది. ఇంతకూ ఆ నిబంధన కోరిందేమిటి? ఆయుర్వేద, సిద్ధ, యునానీ మందు ఫలానా రోగాన్ని తగ్గిస్తుందనో, రాకుండా ఆపుతుందనో ప్రకటన ఇచ్చేముందు రాష్ట్ర లైసెన్సింగ్ అధికారికి చూపించాలి, అనుమతి సంఖ్య తీసుకోవాలి. ఆధారం చూపించు, ఆ తర్వాత అచ్చు వేయించుకో అన్నదే దాని సారాంశం. ఆ ఒక్క ప్రశ్న అడిగే బాధ్యత కూడా తనకు వద్దని ప్రభుత్వం చేతులు దులుపుకుంది.

దీని ఫలితం ఎక్కడ కనిపిస్తుందో చూడాలంటే వీధి చివర మందుల దుకాణానికి వెళితే చాలు. వానలు పడ్డాయి, ఇంటింటా దగ్గు, జలుబు, ఒళ్లునొప్పులు. కౌంటర్ మీద పసుపు క్యాప్సూళ్ల డబ్బాలు వరుసగా ఉంటాయి. అట్ట మీద పసుపు కొమ్ము బొమ్మ, పక్కన డాలు బొమ్మ, కింద రోగనిరోధక శక్తి అన్న మాట. వైరస్ నుంచి కాపాడుతుందని కొన్ని సూటిగా చెబుతాయి, కొన్ని ఆ డాలు బొమ్మ చేత చెప్పిస్తాయి. పారాసిటమాల్ బిళ్లల కోసం వచ్చిన కూలీ మనిషి వందల రూపాయలు పెట్టి ఆ డబ్బా కూడా పట్టుకెళతాడు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు మరి.

పసుపు మీద మాకు గౌరవం లేక కాదు. జలుబు చేస్తే పసుపు కొమ్మును దీపం మీద కాల్చి ఆ పొగ పీల్పించిన నానమ్మలు, మిరియాలు దంచి పసుపు పాలలో కలిపి తాగించిన అమ్మమ్మలు పెంచిన తరాలు మనవి. కానీ ఆ అమ్మమ్మ ఏమన్నదో గుర్తు తెచ్చుకోవాలి. గొంతుకు హాయిగా ఉంటుంది, తాగి పడుకో అన్నది. ఇది తాగితే నీకిక రొంప రాదని ఆమె ఏనాడూ అనలేదు. ఆమె అనని మాటను ఆమె పేరు చెప్పి అమ్ముకుంటున్నారు.

పసుపులోని కర్కుమిన్‌కు వైరస్‌లను అడ్డుకునే గుణం ఉన్నట్టు ప్రయోగశాలలో కనిపించిన మాట వాస్తవమే. ఫ్లూ వైరస్ మీద, 2003 నాటి సార్స్ వైరస్‌లోని ఒక ఎంజైమ్ మీద అది పనిచేసింది. అయితే అదంతా గాజు పాత్రలో, కణాల మీద నేరుగా పోసినప్పటి సంగతి. 2020 జులైలో చైనా శాస్త్రవేత్తల పరిశోధన ఒకటి వెలువడగానే, పసుపు వైరస్‌ను చంపేస్తుందని దేశమంతా వార్తలు మోగిపోయాయి. వాళ్లు పరీక్షించింది పందుల పేగులకు సోకే కరోనా వైరస్ మీద! ఆ ముక్క చాలా శీర్షికల్లో కనపడలేదు. ఈ విషయంలో పత్రికలు, చానళ్లు తప్పించుకోలేవు. ఆ వార్తలైనా, ఆ ప్రకటనలైనా జనానికి చేరింది మా వృత్తి ద్వారానే.

గాజు పాత్ర దాటి మనిషి ఒంట్లోకి వచ్చేసరికి కథ మారిపోతుంది. కర్కుమిన్ పేగుల్లోంచి రక్తంలోకి సరిగా ఎక్కదు. ఎక్కిన కాస్తనూ కాలేయం మార్చేసి బయటికి పంపేస్తుంది. 1998లో బెంగళూరులో జరిగిన అధ్యయనంలో రెండు గ్రాముల కర్కుమిన్ ఒక్కటే ఇస్తే రక్తంలో దాదాపు దొరకనేలేదు. మిరియాల్లోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు కలిపితే శోషణ 20 రెట్లు పెరిగింది. అమ్మమ్మ పాలలో మిరియం వేయడం వెనక ఎంతో కొంత అర్థముందని సంతోషించవచ్చు. కానీ సున్నాకు దగ్గరగా ఉన్నదాన్ని 20 రెట్లు చేసినా వచ్చేదెంత?

ఆయుష్ శాఖ 2020 మార్చి 31న ఇచ్చిన సలహాను ఓసారి లెక్కవేయండి. 150 మిల్లీలీటర్ల వేడి పాలలో అర టీస్పూను పసుపు, రోజుకు ఒకటి రెండుసార్లు. అర టీస్పూనంటే సుమారు గ్రామున్నర. నూటికి మూడు పాళ్లు కర్కుమిన్ అనుకుంటే గ్లాసుకు 45 మిల్లీగ్రాములు. కొవిడ్ రోగులపై మహారాష్ట్రలో 140 మందితో జరిపిన పరీక్షలో పైపరిన్‌తో కలిపి రోజుకు వెయ్యి మిల్లీగ్రాములకు పైగా కర్కుమిన్ ఇచ్చారు. పాల లెక్కన అది 23 గ్లాసులు! లక్షణాలు త్వరగా తగ్గాయని ఆ అధ్యయనం చెప్పింది, కాదనం. కానీ అది రోగం వచ్చాక, మిగతా మందులకు తోడుగా ఇచ్చిన మందు. రోగం రాకుండా ఆపుతుందా అన్నది వాళ్లు పరీక్షించనే లేదు. డబ్బా మీది డాలు బొమ్మకు ఆధారం ఎక్కడుంది? కర్కుమిన్‌పై 120కి పైగా క్లినికల్ ట్రయల్స్ జరిగినా, ప్లాసిబోతో (ఉత్తుత్తి మందుతో) పోల్చి, ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ వైద్యుడికీ తెలియకుండా చేసిన ట్రయల్ ఒక్కటీ సఫలం కాలేదని 2017లో అమెరికా రసాయన శాస్త్రవేత్తలు సమీక్షించి రాశారు. అన్నేళ్ల పరిశోధన తర్వాతి మాట అది.

ఆధారం అడగడం ఆయుర్వేదానికి అవమానమని ఉడుక్కునేవారు పసుపు చరిత్రే ఒకసారి తిరగేయాలి. 1995లో గాయాలు మాన్పే గుణం పేరిట పసుపుపై మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి అమెరికా పేటెంట్ ఇచ్చినప్పుడు మనం ధర్నాలు చేసి గెలవలేదు. ఆర్.ఎ.మషేల్కర్ నేతృత్వంలోని కేంద్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ 32 ఆధారాలు వెతికి అమెరికా పేటెంట్ కార్యాలయం బల్ల మీద పెట్టింది. అందులో ప్రాచీన సంస్కృత గ్రంథం ఉంది, 1953లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో అచ్చయిన వ్యాసమూ ఉంది. 1997లో పేటెంట్ రద్దయింది. ఆనాడు పసుపును కాపాడిన సాక్ష్యాల్లో ఒకటి ఐఎంఏ పత్రికది. ఈమధ్య సుప్రీంకోర్టులో ఆధారం చూపమని అడిగిందీ అదే ఐఎంఏ. అప్పుడు సాక్షి, ఇప్పుడు ద్రోహి! పరాయివాడు హక్కు కోరితే ఆధారం కావాలి, మనవాడు సొమ్ము చేసుకుంటే నమ్మకం చాలు. ఇదెక్కడి న్యాయం?

ఈ రెండు నాలుకల ధోరణి ఆయుష్ శాఖకు కొత్త కాదు. పసుపు పాల సలహా ఇచ్చిన మర్నాడే, 2020 ఏప్రిల్ 1న, కొవిడ్ తగ్గిస్తామన్న ప్రకటనలను ఆపించాలని రాష్ట్రాలకు అదే శాఖ రాసింది. 2023 ఆగస్టు 29న 170వ నిబంధన కింద చర్యలు తీసుకోవద్దని మళ్లీ అదే రాష్ట్రాలకు అదే శాఖ రాసింది. ఆపమన్నదీ తనే, ఆపవద్దన్నదీ తనే. ఏది వినాలి? ఒక్క పసుపుకు ఆధారం అడగడం మానేస్తే రేపు ప్రతి వేరూ, ప్రతి ఆకూ అదే దారి పడతాయి. ఆ దారి ఎటు పోతుందో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో 2021 మేలో ఆనందయ్య కొవిడ్ మందుతో చూశాం. ముందు మందు, ఆపై వేల జనం, ఆ తర్వాత పరీక్ష. చివర్లో రావాల్సినవి ముందొచ్చాయి, ముందు జరగాల్సింది చివరికి జరిగింది.

సంప్రదాయ వైద్యాన్ని పాశ్చాత్య కొలబద్దతో కొలవకూడదని, 1954 నాటి ప్రకటనల చట్టం ఎటూ ఉందని, సాంకేతిక సలహా మండలే 170ని తీసేయమన్నదని ప్రభుత్వ పక్షం వాదన. ఆ చట్టం ప్రకటన వెలువడ్డాక కేసు పెట్టడానికి, 170వ నిబంధన ప్రకటన వెలువడకముందే దాన్ని ఆపడానికి. దొంగతనం జరిగాక ఫిర్యాదు చేయొచ్చు కదా అని ఎవరూ తలుపులు తీసి పడుకోరు.

పసుపే కదా, తింటే పోయేదేముంది అని తీసిపారేయడానికీ లేదు. కూరలో వేసే చిటికెడు వేరు, సాంద్రపరిచిన క్యాప్సూల్ వేరు. ఇటలీలో 2019లో ఇలాంటి ఉత్పత్తులు వాడినవారిలో కాలేయ వాపు కేసులు వరుసగా బయటపడి అక్కడి ఆరోగ్య శాఖ హెచ్చరించింది. అమెరికాలో 2022లో ప్రచురితమైన అధ్యయనం పసుపు వల్ల కాలేయం దెబ్బతిన్న పదిమంది వివరాలు చెప్పింది. వారిలో ఒకరు చనిపోయారు. కొన్ని ఉత్పత్తుల్లో మిరియం సారమూ ఉంది. రక్తం పలచబడే మందులు వాడే గుండె రోగి ఈ డబ్బా కొనేటప్పుడు అది తన మందుతో పొసగుతుందో లేదో చెప్పేవారెవరు?

నిజమైన ఆధారం కావాలంటే దాన్ని తేగలిగిన దేశం ప్రపంచంలో ఒక్కటే ఉంది. 2022-23లో ప్రపంచ పసుపులో 75 శాతానికి పైగా పండించింది మనమే. ఆ ఏడాది 11.61 లక్షల టన్నులు పండింది. నిజామాబాద్, దుగ్గిరాల యార్డుల్లో కుప్పలు పోసే రైతు ధర కోసం ఏళ్ల తరబడి రోడ్డెక్కాడు, 2019లో నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి రైతులు వందకు పైగా నామినేషన్లు వేసి దేశం దృష్టిని తిప్పుకున్నారు. 2023 అక్టోబరు 1న మహబూబ్‌నగర్ సభలో ప్రధాని జాతీయ పసుపు బోర్డు ప్రకటించారు. బోర్డు మొదలయ్యేసరికి 2025 జనవరి వచ్చింది. ఆరోగ్యపరమైన గుణాలపై పరిశోధన కూడా దాని పనుల్లో ఒకటని చెప్పారు కదా! వేలమందిపై ఒక పెద్ద ట్రయల్, రెండు వానాకాలాల పాటు, ఎయిమ్స్‌ల పర్యవేక్షణలో నడపండి. ఫలితం అనుకూలమైతే మా మొదటి పేజీలో అచ్చువేస్తాం. ప్రతికూలమైనా అక్కడే వేస్తాం. రైతుకు ధర తెచ్చేది నిలబడే ఆధారం. ఇటలీలో మాదిరి కేసులు ఇక్కడ బయటపడిన రోజున ముందు పడిపోయేది అతని కుప్ప ధరే.

 2024 జులై 1 నోటిఫికేషన్‌ను ఆయుష్ శాఖ తనంతట తానే వెనక్కి తీసుకోవాలి. ఇక అమరావతి, హైదరాబాద్‌లలోని ఆయుష్ అధికారులు జనానికి ఒక లెక్క చెప్పాలి. 2018 డిసెంబరులో 170 వచ్చినప్పటి నుంచి ఎన్ని ప్రకటనలు మీ బల్ల మీదకు వచ్చాయి? ఎన్నింటికి అనుమతి సంఖ్య ఇచ్చారు, ఎన్నింటిని తిప్పికొట్టారు? మందుల దుకాణం కౌంటర్ మీది ఆ డాలు బొమ్మకు అనుమతి ఇచ్చింది ఎవరు? లెక్కే లేదంటారా, అయితే ఇన్నేళ్లూ ఆ కుర్చీల్లో కూర్చుని జీతం తీసుకున్నది దేనికి?